తక్కువ గాలి.. తప్పని బిగువు: బీడ్‌లాక్ చక్రం ఎవరికి, ఎందుకు?

* అడవి బాటల్లో గాలి తగ్గిస్తేనే బండికి పట్టు
* మరీ తగ్గిస్తే రిమ్ము నుంచి జారిపోనున్న టైరు
* అలంకార రింగులతో అసలుకే ఎసరు
* గాలి ఉండగా బోల్టు విప్పితే ప్రాణాపాయం

టైరులో గాలి తగ్గితే బండి నడవదన్నది అందరికీ తెలిసిన మాట. ఇసుకలో, బురదలో, రాళ్ల దారిలో మాత్రం గాలి తగ్గిస్తేనే బండి నడుస్తుందన్నది అనుభవజ్ఞులైన డ్రైవర్ల మాట. ఈ రెండు మాటలూ నిజమే. గాలి ఎంత వరకు తగ్గించవచ్చు, అంతకంటే తగ్గించవలసి వస్తే టైరును రిమ్ముకు పట్టి ఉంచేది ఏది అన్న ప్రశ్నల నుంచే బీడ్‌లాక్ చక్రం పుట్టింది. నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందే థార్, జిమ్నీ, గూర్ఖా వంటి వాహనాలపై యువతకు మోజు పెరగడంతో ఒకప్పుడు అమెరికా ఎడారి పోటీలకే పరిమితమైన ఈ చక్రాల పేరు మన టైర్ల దుకాణాల్లోనూ వినిపిస్తోంది. చక్రం చుట్టూ బోల్టుల వరుస ఉంటే చాలు, అది బీడ్‌లాక్ అనుకుని కొనేవారూ ఉన్నారు. ఇందులో డబ్బుతో పాటు ప్రాణానికి సంబంధించిన విషయం కూడా ఉన్నందున, అసలు సంగతి వివరంగా తెలుసుకోవలసిన అవసరం ఉంది.

గాలి ఎందుకు తగ్గిస్తారు?

గాలి పట్టే దుకాణాల్లో 'ముప్పై పౌండ్లు' అని చెప్పేది చదరపు అంగుళానికి ఎన్ని పౌండ్ల ఒత్తిడి అన్న లెక్క. రెండు టన్నుల బరువున్న వాహనంలో ఒక్కో చక్రంపై సుమారు 500 కిలోల భారం పడుతుంది. ఆ భారాన్ని ప్రధానంగా మోసేది టైరులోని గాలే. 30 పౌండ్ల గాలి ఉన్నప్పుడు టైరు నేలను తాకే జాగా స్థూల లెక్కన 240 చదరపు సెంటీమీటర్లు ఉంటుంది. 15 పౌండ్లకు తగ్గిస్తే అది దాదాపు రెట్టింపై 475కు, 10 పౌండ్లకు తగ్గిస్తే సుమారు 710కి చేరుతుంది. టైరు గోడల బిరుసును బట్టి ఈ అంకెలు కొంత మారినా సూత్రం మాత్రం ఇదే.

జాగా పెరిగితే నేలపై ఒత్తిడి తగ్గుతుంది. ఇసుకలో చక్రం గుంత తవ్వుకోకుండా పైపైన సాగిపోతుంది. రాళ్లపై టైరు గట్టిగా ఎగిరిపడకుండా రాయి ఆకారానికి ఒదిగి దానిని పట్టుకుంటుంది. దుబాయ్‌లో ఎడారి విహారానికి వెళ్లివచ్చిన మనవారు ఈ దృశ్యం చూసే ఉంటారు. ఇసుక దిబ్బలు ఎక్కే ముందు డ్రైవర్లు బండ్లను వరుసగా నిలిపి గాలి సుమారు 15 పౌండ్లకు దించుతారు. తిరిగి తారు రోడ్డు ఎక్కే ముందు మళ్లీ నింపుతారు.

మన రైతులకూ ఈ కిటుకు కొత్తది కాదు. పొలంలో దిగే ట్రాక్టరు వెనుక టైర్లలో కారు టైర్లలో ఉండే గాలిలో సగమే ఉంచుతారు. బరువైన ట్రాక్టరు కారు కంటే తక్కువ ఒత్తిడిపై మెత్తని నేలలో నడిచిపోవడం వెనుక ఉన్న రహస్యమూ ఇదే.

యుద్ధరంగం నుంచి మంచు ఎడారి దాకా

నేలను బట్టి గాలి మార్చుకోవాలన్న ఆలోచనకు రెండో ప్రపంచ యుద్ధం నాటి చరిత్ర ఉంది. నేల మీదా, నీటి మీదా నడిచే డక్ అనే అమెరికా సైనిక వాహనంలో డ్రైవరు తన సీటులో కూర్చునే టైర్లలో గాలిని పెంచుకునే, తగ్గించుకునే ఏర్పాటు చేశారు. సముద్రం నుంచి ఇసుక తీరం ఎక్కేటప్పుడు గాలి తగ్గించి, గట్టి రోడ్డు ఎక్కాక పెంచేవారు. అనంతర కాలంలో సోవియట్ సైన్యం వాడిన జిల్-157 ట్రక్కులోనూ ఇలాంటి ఏర్పాటే ఉండేది.

అమెరికా సైన్యం హమ్‌వీ వాహనానికి రెండు ముక్కలుగా బిగించే రిమ్మును, దాని లోపల ఒక దృఢమైన కడియాన్ని అమర్చారు. తూటా తగిలి గాలి పోయినా కొంత దూరం నడవడానికి ఆ కడియం ఉపకరిస్తుంది. అదే సమయంలో టైరు అంచులు రెండింటినీ రిమ్ము గోడలకు అదిమి పట్టి ఉంచుతుంది.

ఐస్‌లాండ్‌లో హిమానీనదాలపై తిరిగే భారీ టైర్ల జీపుల్లో గాలిని 2 నుంచి 4 పౌండ్ల వరకు కూడా దించుతారు. మెత్తని మంచుపై తేలిపోవడానికి వారికి అంతకు మించిన మార్గం లేదు. అక్కడి ఆర్కిటిక్ ట్రక్స్ సంస్థ సిద్ధం చేసిన టయోటా హైలక్స్ వాహనాలు బీబీసీ 'టాప్ గేర్' కార్యక్రమం కోసం అయస్కాంత ఉత్తర ధ్రువ ప్రాంతానికి సాగించిన యాత్ర 2007లో ప్రసారమై లోకమంతటికీ తెలిసింది. అదే 2007లో కాలిఫోర్నియాలోని జాన్సన్ వ్యాలీలో 'కింగ్ ఆఫ్ ది హామర్స్' పోటీ మొదలైంది. ఎడారి వేగమూ, బండరాళ్లు ఎక్కే నేర్పూ రెండూ కావలసిన ఈ పోటీలో తక్కువ గాలి, దానిని తట్టుకునే చక్రం విజయానికి కీలకం. మన దేశంలో 2014లో గోవాలో మొదలైన రెయిన్‌ఫారెస్ట్ ఛాలెంజ్ పోటీ బురద, వాగుల దారులను అలవాటు చేసింది.

అసలు చిక్కు ఎక్కడ?

టైరు లోపలి అంచున ఉక్కు తీగలతో చేసిన గట్టి కడియం ఉంటుంది. దీనినే బీడ్ అంటారు. ట్యూబ్‌లెస్ టైరులో ఈ బీడ్‌ను రిమ్ము గోడకు అదిమి పట్టి ఉంచే ప్రధాన శక్తి లోపలి గాలే. 16 అంగుళాల రిమ్ముపై 32 అంగుళాల ఎత్తు టైరు ఉందనుకుంటే, 30 పౌండ్ల గాలి వద్ద ఒక్కో పక్క అంచును బయటకు నెట్టే బలం స్థూలంగా మూడు టన్నులకు పైగా ఉంటుంది. గాలిని 10 పౌండ్లకు తగ్గిస్తే ఆ బలమూ మూడో వంతుకు పడిపోతుంది.

గాలి తగ్గిన చక్రానికి రెండు ప్రమాదాలు పొంచి ఉంటాయి. మొదటిది అంచు ఊడిపోవడం. ఏటవాలుగా ఉన్న చోట అడ్డంగా వెళ్లినా, ఇసుకలో వేగంగా మలుపు తిరిగినా, రాయి పక్కనుంచి నెట్టినా టైరు రిమ్ము నుంచి జారిపోతుంది. గాలి ఒక్క క్షణంలో పోయి బండి ఒరిగిపోవచ్చు. రెండోది టైరు కదలకుండా రిమ్ము ఒక్కటే తిరిగిపోవడం. ఇంజను శక్తి అంతా రిమ్ముకు అందుతుంది, టైరు మాత్రం రాయికి పట్టుకుని ఆగిపోతుంది. ట్రాక్టరు ట్యూబు టైర్లలో గాలి బాగా తగ్గినప్పుడు వాల్వు పీకుకుపోయి ట్యూబు చిరిగిపోవడానికి కారణం ఇదేనని మెకానిక్కులకు తెలుసు.

మామూలు రిమ్ములకు అంచు జారకుండా లోపలి వైపు ఒక చిన్న గట్టు ఉంటుంది. నిదానంగా నడిపేవారికి 15 నుంచి 20 పౌండ్ల వరకు ఈ గట్టే సరిపోతుంది. 12 పౌండ్ల వద్ద మలుపుల్లో చాలా జాగ్రత్త అవసరం. 10 పౌండ్ల కంటే తగ్గించి రాళ్లలో, ఏటవాలుల్లో నడపాలనుకునేవారికే బీడ్‌లాక్ నిజంగా అవసరమవుతుంది.

బీడ్‌లాక్ ఎలా పనిచేస్తుంది?

గాలి మీద ఆధారపడకుండా టైరు అంచును యాంత్రికంగా బిగించి పట్టుకోవడమే ఇందులోని సూత్రం. వాడుకలో ఉన్న రకాలు ముఖ్యంగా ఇవి.

*బయటి రింగు రకం:* టైరు వెలుపలి అంచును రిమ్ము గోడ లోపల కాక, దాని ముఖంపై కూర్చోబెడతారు. దానిపై ఉక్కు లేదా అల్యూమినియం రింగు పెట్టి చుట్టూ బోల్టులు బిగిస్తారు. చక్రాన్ని బట్టి ఈ బోల్టులు 16 నుంచి 32 వరకు ఉంటాయి. అంచు రెండు లోహపు పలకల మధ్య నలిగి కదలకుండా ఉంటుంది. పోటీల్లో ఎక్కువగా కనిపించేది ఈ రకమే. చాలా చక్రాల్లో బయటి అంచును మాత్రమే ఇలా బిగిస్తారు. లోపలి అంచు మామూలుగా గాలి బలంపైనే నిలుస్తుందని గుర్తుంచుకోవాలి.

*లోపలి ట్యూబు రకం:* టైరు లోపల బలమైన గుడ్డ తొడుగులో ఒక సన్నని ట్యూబును అమర్చి అందులో ఎక్కువ ఒత్తిడితో గాలి నింపుతారు. అది రెండు అంచులనూ రెండు వైపులకు నెట్టి పట్టుకుంటుంది. ఆస్ట్రేలియాకు చెందిన స్టాన్ సంస్థ ఈ రకానికి పేరు పొందింది. బయటికి చక్రం మామూలుగానే కనిపిస్తుంది. అయితే దీనికోసం రిమ్ముకు రెండో వాల్వు రంధ్రం వేయవలసి ఉంటుంది. పంక్చరు పడితే విప్పి అమర్చే పని ఎక్కువ.

*పట్టు గాళ్ల రకం:* ఇది పూర్తి బీడ్‌లాక్ కాదు. అంచు కూర్చునే చోట రిమ్ముపై సన్నని గాళ్లు తీసి పట్టు పెంచుతారు. రింగు, బోల్టులు ఉండవు. మామూలు రిమ్ము కంటే కొంత తక్కువ గాలికి ఇది తోడ్పడుతుంది.

*అలంకార రకం:* ఇక్కడే కొనుగోలుదారులు మోసపోతారు. చక్రం ముఖంపై రింగు, దాని చుట్టూ బోల్టులు ఉంటాయి గాని అవి టైరు అంచును తాకవు. కేవలం చూపు కోసమే. కొన్ని కంపెనీ వాహనాలకు 'బీడ్‌లాక్ అమర్చుకోదగిన' చక్రాలు వస్తాయి. ఉదాహరణకు అమెరికాలో 2021లో విడుదలైన ఫోర్డ్ బ్రాంకోలో కొన్ని రకాలకు ఇలాంటివే ఇచ్చారు. షోరూమ్ నుంచి వచ్చినప్పుడు వాటిపై ఉండేది అలంకార రింగే. అసలు రింగును విడిగా కొని, టైరు విప్పి మళ్లీ అమర్చుకుంటే తప్ప అది బీడ్‌లాక్ కాదు. అలంకార చక్రాన్ని నమ్మి గాలిని 8 పౌండ్లకు దించితే టైరు ఊడడం దాదాపు ఖాయం.

అసలు, నకిలీ తేడా కనుక్కోవడం కష్టం కాదు. అసలు చక్రంలో టైరు అంచు రింగుకూ, రిమ్ము ముఖానికీ మధ్య నలిగి ఉండడం పక్కనుంచి చూస్తే కనిపిస్తుంది. అలంకార చక్రంలో అంచు మామూలు రిమ్ము గోడ వెనకే ఉంటుంది, రింగు దానికి దూరంగా లోహంపైనే కూర్చుంటుంది.

ఎంపికలో చూడవలసినవి

అవసరం: ముందుగా తేల్చుకోవలసింది ఇదే. వారాంతంలో ఘాట్ రోడ్డుకు, మట్టి బాటకు వెళ్లివచ్చేవారికి బీడ్‌లాక్ అక్కర్లేదు. మంచి టైర్లు, నమ్మకమైన గాలి గేజి, వెంట తీసుకెళ్లే చిన్న కంప్రెసరు ఉంటే 18 పౌండ్ల వద్దే చాలా దారులు దాటవచ్చు. అదే డబ్బుతో ఈ మూడూ సమకూరుతాయి.

భారం మోసే శక్తి: చక్రంపై ముద్రించిన గరిష్ఠ భారం వాహనం నిండు బరువులో ఆ చక్రంపై పడే వాటాకు తగ్గకూడదు. ఆ ముద్ర లేని చక్రాన్ని కొనకపోవడమే మేలు.

కొలతలు: బోల్టు రంధ్రాల సంఖ్య, వాటి వృత్తం, నడిమి రంధ్రం, ఆఫ్‌సెట్ సరిపోవాలి. ఆఫ్‌సెట్ మారితే చక్రం బయటకు తోసుకువచ్చి బేరింగులపై, స్టీరింగుపై అదనపు భారం పడుతుంది. లోపల బ్రేకు క్యాలిపరుకు తగలకుండా ఖాళీ ఉందో లేదో చూసుకోవాలి.

రిమ్ము సైజు: టైరు మొత్తం ఎత్తు ఒకటే అయినప్పుడు రిమ్ము చిన్నదైతే టైరు గోడ ఎత్తు పెరుగుతుంది. తక్కువ గాలిలో ఒదిగేది ఆ గోడే. పెద్ద రిమ్ము, సన్నని గోడ ఉన్న టైరులో గాలి దించితే రాయి తగిలి రిమ్ము వంగుతుంది.

బరువు: రింగు, బోల్టులతో చక్రం బరువు పెరుగుతుంది. ఆ బరువును స్ప్రింగులు మోయవు గనుక కుదుపు, బ్రేకు దూరం, ఇంధనం ఖర్చు పెరుగుతాయి.

బీడ్ మందం: అన్ని టైర్ల అంచులూ ఒకే మందంలో ఉండవు. మందం ఎక్కువైతే రింగు పూర్తిగా కూర్చోక వంగుతుంది. తక్కువైతే పట్టు చాలదు. చక్రం తయారీదారు సూచించిన మందానికి తగిన టైరునే ఎంచుకోవాలి.

బిగింపే ప్రాణం

బీడ్‌లాక్ చక్రానికి ఉండే చిన్న బోల్టుల బిగింపు చక్రం నట్ల బిగింపు కంటే చాలా తక్కువ. చాలా చక్రాలకు ఇది 20 నుంచి 30 న్యూటన్ మీటర్ల పరిధిలో ఉంటుంది. కచ్చితమైన అంకెను ఆ చక్రంతో వచ్చిన సూచనల కాగితంలో చూడాలి. గాలి గన్నుతో ఒక్కసారిగా బిగిస్తే బోల్టు సాగిపోయి తెగుతుంది, లేదా అల్యూమినియం మర పాడవుతుంది. టార్క్ రెంచితోనే బిగించాలి.

ఒక బోల్టు బిగించాక దాని పక్కది కాక ఎదురుగా ఉన్నది బిగించాలి. అన్నిటినీ కొద్దికొద్దిగా, పలు దఫాలుగా బిగువుకు తీసుకురావాలి. రబ్బరు నలిగే కొద్దీ బిగువు సడలుతుంది గనుక మొదటి ప్రయాణం తర్వాత తిరిగి చూడాలి. ఆపై ప్రతి యాత్రకు ముందూ చూడాలి. వంగిన, తుప్పు పట్టిన బోల్టును మళ్లీ వాడరాదు. ఈ శ్రద్ధకు ఓపిక లేనివారు బీడ్‌లాక్ జోలికి వెళ్లకపోవడమే క్షేమం.

పంక్చరు దుకాణాలకు హెచ్చరిక

లారీ చక్రాల లాక్ రింగు గురించి మన పంక్చరు దుకాణాల వారికి వేరుగా చెప్పనక్కరలేదు. పాతరకం ముక్కల రిమ్ములో 100 పౌండ్లకు పైగా గాలి నింపుతున్నప్పుడు రింగు సరిగా కూర్చోక ఎగిరిపడి మనుషులు మరణించిన ఘటనలు దేశ విదేశాల్లో జరిగాయి. అమెరికాలో కార్మికుల భద్రత సంస్థ ఓషా 1980లో దీనిపై ప్రత్యేక నిబంధన తెచ్చింది. అలాంటి చక్రాలకు ఇనుప బోనులోనో, అటువంటి రక్షణ ఏర్పాటులోనో ఉంచి గాలి నింపాలన్నది అందులో ప్రధానాంశం.

బీడ్‌లాక్ రింగు అమరిక వేరు. ఇది బోల్టులతో బిగిసి ఉంటుంది, గాలీ తక్కువే. అయినా ప్రమాదం లేకపోలేదు. పైన చెప్పిన లెక్క ప్రకారం 30 పౌండ్ల గాలి ఉన్న చక్రంలో ఆ బోల్టులన్నీ కలిసి మోస్తున్నది టన్నుల బలం. చక్రం నట్లు అనుకుని రింగు బోల్టులను విప్పడం మొదలుపెడితే, మిగిలినవి ఆ బలానికి తెగి రింగు ముఖం మీదికి ఎగిరివస్తుంది. కాబట్టి రింగు బోల్టుపై పానా పెట్టే ముందు వాల్వు లోపలి పిన్నును పూర్తిగా తీసివేయాలి. గాలి ఏమాత్రం లేదని చేతితో నొక్కి చూసుకోవాలి. గాలి నింపేటప్పుడు చక్రానికి ఎదురుగా నిలబడకుండా పక్కన ఉండాలి. ఇలాంటి చక్రాల వాహన యజమానులు దుకాణంలో బండి అప్పగించేటప్పుడే ఈ విషయం పనివానికి చెప్పడం వారి బాధ్యత.

చట్టం ఏమంటోంది?

మోటారు వాహనాల చట్టం-1988లోని 52వ సెక్షన్ ప్రకారం వాహన తయారీదారు నిర్దేశించిన మూల వివరాలకు భిన్నంగా, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు మారేలా వాహనంలో మార్పులు చేయరాదు. 2019 జనవరిలో కేరళకు చెందిన ఒక కేసులో సుప్రీంకోర్టు ఈ విషయాన్ని స్పష్టంచేసింది. అదే ఏడాది సవరణ ద్వారా చేరిన 182-ఏ సెక్షన్ అనుమతి లేని ప్రతి మార్పుకు యజమానికి రూ.5 వేల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చని చెబుతోంది. చక్రం బయటకు తోసుకువచ్చి మడ్‌గార్డు దాటితే తనిఖీ అధికారుల దృష్టిలో పడుతుంది. ప్రమాదం జరిగినప్పుడు బీమా సంస్థ అభ్యంతరం తెలిపే అవకాశమూ ఉంది. విదేశాల్లోనూ పలు తయారీ సంస్థలు తమ బీడ్‌లాక్ చక్రాలను రహదారి వెలుపలి వాడకానికి మాత్రమే అని ప్రకటించి అమ్ముతున్నాయి. కొనేముందు రవాణా శాఖ కార్యాలయంలో విచారించుకోవడం ఉత్తమం.

అభయారణ్యాల్లో, జాతీయ పార్కుల్లో అనుమతి లేకుండా బండి దింపడం వన్యప్రాణి సంరక్షణ చట్టం-1972 ప్రకారం నేరం. వాగు ఇసుక తిన్నెలు, గిరిజన రైతుల పోడు భూములు పోటీ మైదానాలు కావని గుర్తెరగాలి.

గుర్తుంచుకోవలసినవి

* తారు రోడ్డుపై ఎప్పుడూ తయారీదారు చెప్పిన గాలే ఉండాలి. డ్రైవరు పక్క తలుపు వద్ద అంటించిన పట్టీలో ఆ అంకె ఉంటుంది.
* 20 నుంచి 15 పౌండ్లు: ఇసుక, మట్టి బాటలు. మామూలు రిమ్ము చాలు. వేగం తగ్గించి, మలుపులు నిదానంగా తిప్పాలి.
* 15 నుంచి 10 పౌండ్లు: మెత్తని ఇసుక, రాళ్లు. మామూలు రిమ్ముతో అంచు జారే ప్రమాదం క్రమంగా పెరుగుతుంది.
* 10 పౌండ్ల లోపు: బీడ్‌లాక్ లేకుండా సాహసించరాదు.
* తక్కువ గాలితో వేగంగా నడిపితే టైరు గోడలు పదేపదే నలిగి వేడెక్కి లోపలి పొరలు విడిపోతాయి. బీడ్‌లాక్ అంచును పట్టుకుంటుందే గాని ఈ వేడిని ఆపలేదు.
* బరువు తక్కువ ఉన్న వాహనానికి, ఎక్కువ ఉన్న వాహనానికి ఒకే అంకె వర్తించదు. నిండు సామానుతో వెళ్లేవారు కొంత ఎక్కువ గాలి ఉంచుకోవాలి.
* గాలి నింపుకునే సాధనం వెంట లేనప్పుడు గాలి తీయరాదు. అడవిలో దించిన గాలితోనే ఘాట్ రోడ్డు దిగడం అన్నిటికంటే పెద్ద ప్రమాదం.